తోగె: కొండ ఎక్కడం ఆగి దిగడం మొదలయ్యే చోటు

రోగి పరిస్థితి విషమించినప్పుడు జపాన్ టీవీ డ్రామాల్లో డాక్టరు బంధువులను పక్కకు పిలిచి చెప్పే డైలాగు ఒకటుంది: ‘కొన్యా గ తోగె దెసు’. మాటకు మాట చూస్తే ‘ఈ రాత్రే తోగె’ అని. డిక్షనరీలో తోగె అంటే కొండదారిలో ఒక చోటు. ఆసుపత్రి వరండాలో కొండదారి ప్రస్తావన ఎందుకు వచ్చిందన్నది అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం పన్నెండు వందల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

ముందు అర్థం. దారి కొండ వాలు మీదుగా ఎక్కుతూ ఎక్కుతూ వస్తుంది. ఒక చోట ఎక్కడం అయిపోయి, అవతలి వైపుకు దిగడం మొదలవుతుంది. ఆ చోటు తోగె. అది శిఖరం కాదు. శిఖరం ఎక్కినవాళ్లు చాలాసార్లు వచ్చిన దారినే దిగి ఇంటికి పోతారు. తోగె ఎక్కినవాళ్లు వేరే ఊళ్లోకో వేరే జిల్లాలోకో దిగుతారు. పైగా ప్రయాణికులు వెతికేది కొండవరుసలో అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న చోటును. అంటే కొండవరుస లెక్కలో అది పల్లం, దారి లెక్కలో అదే ఎత్తు. ఈ రెండు లెక్కల్లో తోగె అనే మాట దారి వైపే నిలబడుతుంది.

రెండు శిఖరాల మధ్య జీను ఆకారంలో ఉండే వంపును జపాన్ భూగోళ శాస్త్రవేత్తలు ‘అంబు’ అంటారు. అంబు ఉండటానికి మనుషులు అక్కర్లేదు. తోగెకు మాత్రం నడిచేవాళ్లు కావాలి. ఎవరూ దాటని వంపును మ్యాపులో అంబు అంటారే గాని తోగె అనరు.

తెలుగులో దీనికి దగ్గర మాట కనుమ. నిఘంటువుల్లో కనుమకు ఉన్న అర్థం కొండల మధ్య దారే. కానీ ‘తూర్పు కనుమలు’, ‘పడమటి కనుమలు’ అని బడి పుస్తకాల్లో చదివి చదివి, ఇప్పుడు కనుమ అంటే పర్వతశ్రేణి గుర్తొస్తోంది, లేకపోతే సంక్రాంతి మూడో రోజు గుర్తొస్తోంది. వాడుకలో మిగిలింది ఘాట్ రోడ్డు. అది దారి మొత్తానికి పేరు, పైనున్న ఆ ఒక్క బిందువుకు కాదు. అందుకే ఈ వ్యాసంలో తోగెను తోగె అనే రాయడం మేలు. తెలుగు లిపికి ఇక్కడ ఒక సౌకర్యం కూడా ఉంది. ఆ మాటలో ఓకారం దీర్ఘం, ఎకారం హ్రస్వం. రెండూ మన అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు పలుకుతాయి. రోమన్ లిపిలో అయితే ఆ దీర్ఘాన్ని ఒకరొక రకంగా రాస్తారు.

జపాన్‌వాళ్లు ఈ మాటను రాసే అక్షరం చూడగానే అర్థమైపోతుంది. ఎడమ పక్క ‘కొండ’ గుర్తు, కుడి పక్క పైన ‘పైకి’, దాని కింద ‘కిందికి’. కంజీలు అనే ఈ తరహా అక్షరాలు ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చినవే అయినా ఇది చైనాది కాదు, జపాన్‌లో తయారైంది. ఇలాంటి స్వదేశీ అక్షరాలను కొకుజి అంటారు. బట్ట గుర్తు పక్కన ఇదే ‘పైకి, కిందికి’ జత పెడితే ‘కమిషిమొ’ అవుతుంది. పైభాగం, కింది భాగం కలిసిన సమురాయ్‌ల లాంఛన దుస్తులవి. నడక గుర్తుకు పది అంకె గుర్తు, అంటే అడ్డగీత నిలువుగీత కలిసిన ఆకారం, చేరిస్తే ‘త్సుజి’, నాలుగు దారుల కూడలి. సొంత అక్షరాలు కల్పించుకోవాల్సిన అవసరం దారులకూ దుస్తులకూ ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. అవి రోజూ కళ్లముందు కనిపించేవి, అరువు తెచ్చుకున్న లిపిలో వాటికి సరిపోయే గుర్తు దొరకలేదు. తోగె అక్షరానికి చైనా ఉచ్చారణ కూడా లేదు, దేశీ పలుకు ఒక్కటే.

ఆ దేశీ పలుకు ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ‘తముకె’. తముకె అంటే దేవుడికి సమర్పించడం, నైవేద్యం పెట్టడం. తముకె కాస్తా తౌగె అయి, తర్వాత తోగె అయింది. కొండవరుసలోని పల్లాన్ని సూచించే ‘తవ’, దాటడాన్ని సూచించే ‘గొఎ’ కలిసి తోగె అయిందనే వాదన కూడా ఉంది. భాష సంగతి ఎలా ఉన్నా, కొండదారి పైన దేవుడికి ఏదో ఒకటి పెట్టి ముందుకు సాగే ఆచారం ఉండేదన్నదానికి ఆధారాలు మట్టిలోనే దొరికాయి. నాగనో, గిఫు జిల్లాల సరిహద్దులో 1,569 మీటర్ల ఎత్తున మిసాక తోగె ఉంది. పాత రాజధాని ప్రాంతం నుంచి తూర్పు దేశాలకు పోయే తోసన్‌దో మార్గం ఈ తోగె మీదుగానే పోయేది. అక్కడ తవ్వకాల్లో మెత్తని రాతితో చేసిన చిన్న చిన్న కత్తులు, అద్దాలు, పూసల నమూనాలు బయటపడ్డాయి. వాడుకోవడానికి పనికొచ్చే వస్తువులు కావవి, సమర్పణ కోసమే చేసినవి.

కవిత్వంలోనూ ఈ తముకె కనిపిస్తుంది. 8వ శతాబ్దపు కవితా సంకలనం మన్‌యోషులో నకతోమి నొ యకమొరి అనే అధికారి రాసిన పద్యం ఒకటుంది. రాజధానికి దూరంగా ఎచిజెన్‌కు బహిష్కరించారు అతన్ని. భార్య పేరు పైకి పలకడానికి దారంతా భయపడ్డాడు. ఆ కాలంలో పేరు పలకడం చిన్న విషయం కాదు. చివరికి ఎచిజెన్ దారిలోని తముకె దగ్గర నిలబడి ఆ పేరు పలికేశానని చెప్పుకున్నాడు. ఇక్కడ తముకె అంటే పూజా, ఆ పూజ జరిగే చోటూ. సమర్పణ పేరే స్థలం పేరుగా మారడం ఈ పద్యంలో కళ్లకు కడుతుంది. ఆ చోటు దాటితే తన లోకం కనుమరుగైపోతుందని అతనికి తెలుసు, అందుకే అక్కడ పలికాడు. ఇంకో శతాబ్దంన్నర తర్వాత, 898లో, మాజీ చక్రవర్తి ఉద వెంట ప్రయాణం చేస్తూ కవి, పండితుడు సుగవర నొ మిచిజనె ఇలాంటి చోటే ఒక పద్యం చెప్పాడు. హడావుడిలో ‘నుస’ తెచ్చుకోలేదట. నుస అంటే కొండదేవతకు చల్లే బట్టపీలికలు. ఈ కొండ మీది ఎర్రని ఆకులనే జరీబట్టగా అనుకుని స్వీకరించమని దేవుణ్ణి కోరాడు. తెలివైన సాకే! ‘హ్యకునిన్ ఇష్షు’ అనే నూరు పద్యాల సంకలనంలో ఇది 24వది. ఆ పద్యాలతో పేకాటలాంటి ఆట ఆడతారు కాబట్టి జపాన్‌లో చాలామంది పిల్లలకు ఇది కంఠతా వచ్చు.

తోగె అనే రూపం స్థిరపడక ముందు ఇలాంటి చోట్లకు ‘సక’ అనేవారు. ఇప్పుడు సక అంటే మామూలు ఏటవాలు దారి, టోక్యో వీధుల్లో అలాంటివి కొల్లలు. పాత గ్రంథాల్లో మాత్రం సక అంటే దాటాల్సిన హద్దు. జపాన్ పురాణ కథల పాత గ్రంథం కొజికిలో యమతొ తకెరు అనే రాకుమారుడు తూర్పు యుద్ధాల నుంచి తిరిగి వస్తూ అషిగర సక ఎక్కి, తన కోసం సముద్రానికి బలైన భార్యను తలచుకుని ‘అజుమ హయ’, అంటే ‘అయ్యో నా భార్యా’ అని నిట్టూర్చాడని, అందుకే తూర్పు దేశానికి అజుమ అని పేరు వచ్చిందని కథ. నిహొన్ షొకి అనే మరో గ్రంథం ఇదే కథను అషిగర మీద కాకుండా ఉసుయి మీద పెట్టింది. రెంటిలో ఏది నిజమని వెతకడం అనవసరం. వెనక్కి తిరిగి చూసే అవకాశం చివరిసారిగా దొరికేది అలాంటి చోటే అన్న విషయంలో రెండు గ్రంథాలకూ తేడా లేదు. టోక్యో చుట్టుపక్కల మైదానానికి పాతకాలంలో ఉన్న ‘బందో’ అనే పేరు కూడా ఇందులోంచే పుట్టింది. బందో అంటే ‘సకకు తూర్పున’ అని. ఒక ప్రాంతం మొత్తానికి ఒక కొండదారే హద్దు అయింది.

ఉసుయి దగ్గర కాస్త ఆగాలి. తోగె అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి జపాన్‌లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇది గున్మ, నాగనో జిల్లాల మధ్య ఉంది. ఎదో, అంటే నేటి టోక్యో, నుంచి క్యోతోకు కొండల మీదుగా పోయే నకసెన్‌దో మార్గం దీన్ని దాటేది. ఇక్కడ కురిసే వాన రెండు సముద్రాలకు పంచుకుపోతుంది. తూర్పున పడ్డ నీరు తొనె నదిలో కలిసి పసిఫిక్ వైపు, పడమర పడ్డది షినానో నదిలో కలిసి జపాన్ సముద్రం వైపు పోతుంది. పాత దారి పైన కుమనో దేవాలయం ఉంది. రెండు జిల్లాల సరిహద్దు గర్భగుడి మధ్యగా పోతుంది. అందువల్ల కాగితాల మీద అది ఒక గుడి కాదు, రెండు వేర్వేరు ధార్మిక సంస్థలు. గుమ్మం దగ్గర నిలబడి కుడికి మొక్కితే ఒక జిల్లా, ఎడమకు మొక్కితే ఇంకో జిల్లా.

అసలు విశేషం ఆకారంలో ఉంది. మామూలుగా తోగె అంటే రెండు వైపులా వాలు ఉంటుందనుకుంటాం, అక్షరం కూడా అదే చెబుతుంది. ఉసుయి అలా ఉండదు. తూర్పున యోకోకవా స్టేషన్ సముద్రమట్టానికి 387 మీటర్లలో ఉంటే, పడమర కరుయిజవా దాదాపు 940 మీటర్లలో ఉంది. తూర్పు నుంచి వచ్చేవాళ్లు గోడ ఎక్కినట్టు ఎక్కుతారు. పైకి చేరాక దిగడానికి పెద్దగా ఏమీ ఉండదు, అటువైపు పీఠభూమే. ఇలాంటి ఒంటివాలు తోగెకు జపనీస్‌లో ‘కతతోగె’ అనే మాట ఉంది. ‘కత’ అంటే జతలో ఒకటి. ఒకవైపు వాగులు వేగంగా కోసేస్తూ, మరోవైపు నేల ఎత్తుగానే మిగిలిపోయినప్పుడు ఇలాంటివి ఏర్పడతాయి. పటం చూసి పెట్టిన పేరులా ఉండదు ఇది, కాళ్లు నొప్పి పుట్టినవాళ్లు పెట్టినట్టుంటుంది.

రైలుకు ఈ ఆకారం పెద్ద తలనొప్పి అయింది. అవతలివైపు దిగుడు లేదు కాబట్టి మధ్యలో సొరంగం తవ్వి ఎత్తు తగ్గించే ఉపాయం ఇక్కడ పనిచేయదు. ఎత్తంతా ఎక్కి తీరాల్సిందే. 1893లో ఇక్కడ లైను తెరిచినప్పుడు పట్టాల మధ్య పళ్ల కమ్మి వేసి, ఇంజను పళ్లచక్రంతో దాన్ని పట్టుకుని ఎక్కే పద్ధతి వాడారు, అది ఒక స్విస్ ఇంజనీరు కనిపెట్టింది. 11.2 కిలోమీటర్ల దూరంలో 26 సొరంగాలు, వాలు బాగా ఎక్కువున్న చోట ప్రతి 15 మీటర్లకు ఒక మీటరు ఎక్కుడు. ఆవిరి ఇంజన్ల పొగ సొరంగాల్లో నిండిపోయి సిబ్బంది నానా అవస్థలు పడేవారు. 1912లోనే ఈ లైనుకు కరెంటు పెట్టడానికి కారణం అదే. లైను కోసం ఇటుకలతో కట్టిన నాలుగు కమానుల వంతెన, 91 మీటర్ల పొడవు, 31 మీటర్ల ఎత్తు, ఇప్పటికీ నిలిచి ఉంది. 1963లో పళ్ల కమ్మి తీసేసి మామూలు పట్టాలు వేశారు. అయినా ఎక్కే ప్రతి రైలుకూ యోకోకవాలో సహాయ ఇంజన్లు తగిలించాల్సిందే.

ఆ తగిలించే కాసేపట్లో ప్లాట్‌ఫాం మీద ఒక వ్యాపారం పుట్టింది. 1958లో ఒగినోయ అనే సంస్థ మట్టికుండలో వేడివేడి అన్నం, పైన కోడిమాంసం, పుట్టగొడుగులు, గుడ్డు పెట్టి ‘తోగె నొ కమమెషి’ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. రైల్లో చల్లారిన భోజనమే దొరికే రోజులవి. తోగె అనే మాట చాలామంది జపనీయులకు ఇప్పటికీ ఆ కుండ వాసనతోనే గుర్తొస్తుందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. 1997 సెప్టెంబరు 30న ఈ పాత లైను మూతపడింది. మర్నాడే నాగనో షింకన్‌సెన్, అంటే బుల్లెట్ రైలు, వేరే సొరంగాల మీదుగా పరుగు మొదలుపెట్టింది. యోకోకవా నుంచి కరుయిజవాకు ఇప్పుడు బస్సే గతి. కుండభోజనం మాత్రం ఆగలేదు.

యమగత జిల్లాలో ఇంకో వింత ఉంది. ఓఉ ప్రధాన మార్గంలో 1899లో తెరిచిన ఒక స్టేషన్ పేరే ‘తోగె’. ముందు ఇంకో మాట లేదు. వాలు ఎక్కువగా ఉండటంతో రైళ్లు ముందుకూ వెనక్కూ నడుస్తూ జిగ్‌జాగ్‌గా ఎక్కే ఏర్పాటు ఇక్కడ 1990 దాకా ఉండేది. ‘చికర మోచి’, అంటే బలాన్నిచ్చే జిగురు బియ్యపు ముద్దలు, ఇక్కడి ప్లాట్‌ఫాం మీద అమ్మడం పాత అలవాటు. కొండ పైకి చేరినవాళ్లకు మోచి, టీ అమ్మే ‘తోగె నొ చాయ’లు, అంటే టీ కొట్లు, ఎదో కాలం (1603–1868) నుంచీ ఉన్నాయి. దేవుడికి నైవేద్యం పెట్టే చోటు కాస్తా మనిషికి పలహారం దొరికే చోటయింది.

ఈ తీపి వెనక చేదు కూడా ఉంది. హకొనె, ఉసుయి లాంటి దారుల్లో ఆ కాలాన్ని ఏలిన తొకుగవ ప్రభుత్వం తనిఖీ కేంద్రాలు పెట్టింది. ఎదో నగరంలోకి తుపాకులు రాకుండా, బందీల్లాగా అక్కడ ఉంచిన ప్రభువుల ఆడవాళ్లు బయటికి పోకుండా చూడటం వాటి ముఖ్యమైన పని. కొండదారి కావడంతో తప్పించుకోవడం కష్టం, కాపలా సులభం.

నోముగి తోగె కథ మరీ బరువైంది. ఎత్తు 1,672 మీటర్లు. మెయిజి కాలంలో (1868–1912) జపాన్ ఎగుమతుల్లో పట్టుదే పెద్ద వాటా. సువ సరస్సు పక్కన ఒకయ పట్టణంలోని పట్టు మిల్లుల్లో పనికి హిద ప్రాంతపు రైతుల కూతుళ్లు, చాలామంది పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు, ఈ తోగె దాటి వెళ్లేవారు. ఏడాది చివర జీతం డబ్బులు పట్టుకుని మంచులో ఇదే దారిన తిరిగొచ్చేవారు. 1909లో మసయి మినె అనే అమ్మాయి మిల్లులో జబ్బుపడితే, అన్న వచ్చి వీపున మోసుకుని ఇంటికి బయల్దేరాడు. తోగె మీదికి చేరాక ‘ఆ, హిద కనిపిస్తోంది’ అని అక్కడే ప్రాణం విడిచింది. అన్నాచెల్లెళ్ల శిల్పం ఇప్పుడు ఆ చోట ఉంది. ఆ అమ్మాయి అన్న మాటలో తోగెకు ఉన్న అసలు లక్షణం బయటపడుతుంది. అక్కడికి చేరేదాకా అవతలి వైపు కనిపించదు. జానపద పరిశోధకుడు యనగిత కునియొ తోగెలకు ముందువైపు, వెనకవైపు ఉంటాయని గమనించి రాశాడు. ఎక్కేందుకు తెరిచిన దారి ముందువైపు, దిగేందుకు తెరిచినది వెనకవైపు. అంటే దారి చూసి, మొదట ఎవరికి అవతలికి పోవాల్సిన అవసరం పడిందో ఊహించవచ్చు.

ఇప్పుడు ఆసుపత్రి డైలాగు దగ్గరికి వెళ్తే అందులో పెద్ద చిక్కు కనిపించదు. ‘తోగె ఒ కొసు’ అంటే తోగె దాటడం. జ్వరం తోగె దాటింది, ఎండలు తోగె దాటాయి, చర్చలు తోగె దాటాయి అంటారు. కష్టం ఎక్కుతూ పోయి, ఒక బిందువు తర్వాత తగ్గుతుంది. ‘ఈ రాత్రే తోగె’ అన్నప్పుడు డాక్టరు చెప్పేది రెండు ముక్కలు: అన్నిటికన్నా కష్టమైన గంటలివి, ఇవి దాటితే దిగుడే. దాటతాడా లేదా అన్నది మాత్రం చెప్పడు. ఇదే సందర్భంలో ‘యమ’, అంటే కొండ, అని కూడా వాడతారు. కానీ యమలో అవతలి వైపు లేదు. తోగెలో ఉంది, అందుకే అది వినేవాళ్లకు కాస్త ఊరటనిస్తుంది.

సందర్భం మారితే అర్థం తలకిందులవుతుంది, కొత్తగా జపనీస్ నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ‘తోగె ఒ సుగిరు’ అంటే తోగె గడిచిపోవడం. ఆటగాడి గురించో నటుడి గురించో ఈ మాట అంటే అతని మంచి రోజులు అయిపోయాయని అర్థం. కష్టానికి తోగె దాటడం శుభం, సామర్థ్యానికి తోగె గడవడం అశుభం. రెండు సందర్భాల్లోనూ బొమ్మ ఒకటే, ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలైంది. ఎక్కుతున్నది కష్టమా ప్రతిభా అన్నదాన్ని బట్టి ఓదార్పో ఎత్తిపొడుపో అవుతుంది. అంకెలతో కొలిచేవాటికి మాత్రం, పండగ రద్దీలాంటివాటికి, వార్తల్లో తరచుగా ‘పీక్’ అనే అరువుమాటే వినిపిస్తుంది. రద్దీ పీక్‌కు చేరిందంటారు. అక్కడ మనుషులు ఏదీ దాటడం లేదు, గ్రాఫు మాత్రమే ఎక్కి దిగుతోంది కాబట్టి అది సబబుగానే ఉంది.

తెలుగులో డాక్టరు ఇదే విషయాన్ని ‘ఈ రాత్రి గడిస్తే గండం గడిచినట్టే’ అంటాడు. కోలుకున్నాక బంధువులు ‘గట్టెక్కాడు’ అంటారు. గట్టెక్కడంలో ఉన్నది ఏరు. పని అయ్యాక ‘ఏరు దాటి తెప్ప తగలేశాడు’ అనేదీ ఏటి సామెతే. గోదావరి, కృష్ణల మధ్య ఊళ్ల మధ్య తిరిగినవాళ్లకు ప్రమాదం అంటే నీళ్లు, క్షేమం అంటే అవతలి గట్టు. నేలలో మూడొంతులు కొండలే ఉన్న జపాన్‌లో ప్రయాణం అంటే తోగె. అందువల్ల ఆ డైలాగును తెలుగులోకి తెచ్చే అనువాదకులు ‘ఈ రాత్రే కనుమ’ అని రాస్తే నవ్వులపాలవుతారు. గండమే సరైన మాట, కొండ పోయినా ఫరవాలేదు.

జపాన్ మొత్తం ఇదే మాట వాడుతుందనుకోవడం కూడా పొరపాటే. హిరోషిమా చుట్టుపక్కల చూగొకు ప్రాంతంలో ‘తవ’, ‘తఓ’ అనే పేర్లు కనిపిస్తాయి, వాటికి వేరే స్థానిక అక్షరాలూ ఉన్నాయి. జపాన్ ఆల్ప్స్‌లో శిఖరాల మధ్య తిరిగే పర్వతారోహకులు ‘నొక్కొషి’ అంటారు. పాత మార్గాలకు ‘గొఎ’ అనే చేర్పు ఉంటుంది. ఇంటిపేరుగానూ తోగె ఉంది. హిరోషిమా అణుబాంబు మీద రాసిన కవి తోగె సన్‌కిచి (1917–1953) పేరులో అదే అక్షరం.

విదేశాలకు ఈ మాట దేవుడి ద్వారానో రైలు ద్వారానో వెళ్లలేదు, కార్ల ద్వారా వెళ్లింది. సొరంగాలు, ఎక్స్‌ప్రెస్ రహదారులు వచ్చాక పాత కొండదారుల్లో ట్రాఫిక్ తగ్గింది. 1970లు, 80లలో కుర్రాళ్లు రాత్రిళ్లు అక్కడ కార్లతో పందేలు వేసుకునేవారు, మలుపుల్లో వెనక చక్రాలను జార్చే డ్రిఫ్టింగ్ పెరిగింది కూడా అలాంటి దారుల్లోనే. ఉసుయి కూడా అందులో పేరున్నదే, పాత రోడ్డులో 184 మలుపులు ఉన్నాయి మరి. ఆపడానికి అధికారులు చాలాచోట్ల మలుపుల్లో రోడ్డు మీద గతుకు గీతలు వేశారు, మధ్యలో స్తంభాలు పాతారు. ఆ తర్వాత కామిక్స్, వీడియో గేముల పుణ్యమా అని అమెరికా, యూరప్ కార్ల అభిమానుల నోళ్లలో తోగె అంటే వంకర టింకర కొండరోడ్డు, లేదా దాని మీద పందెం. దారి ఏదైనా కొండను దాటుతోందా లేదా అన్నది వాళ్లకు అక్కర్లేదు. దేవుణ్ణి మరిచిపోయిన జపనీస్ వాడుకకంటే ఇది మరో మెట్టు దూరం, ఇందులో అవతలి వైపు కూడా లేదు. పందెం కార్లు కిందికి దిగి, యూటర్న్ తీసుకుని, మళ్లీ పైకే వస్తాయి.